సీటీ రిపోర్టులో రాసిన తేడాలన్నీ జబ్బులేనా? ముక్కు, గొంతు, మెడ ఆపరేషన్‌కి ముందు తెలుసుకోవాల్సినవి

మీ ప్రశ్న మొత్తం చదివాను. నాన్నగారికి 58 ఏళ్ళు, ఎప్పటినుంచో సైనస్ బాధ, పాలిప్స్ (ముక్కు లోపల పెరిగే మెత్తటి కండలు) కూడా ఉన్నాయి, మందులతో తగ్గకపోయేసరికి ఎండోస్కోపీతో ఆపరేషన్ చేద్దామన్నారు. సీటీ తీయిస్తే రిపోర్టులో దూలం వంకర, కాంకా బులోసా, హాలర్ సెల్, ఒనోడి సెల్, కెరోస్ టైప్ 3 అని వరసగా రాసి ఉంది. ఇన్ని జబ్బులున్నాయా, ఇవన్నీ తీసేయాలా, మెదడుకి ఏమన్నా అవుతుందా అని అడిగారు. మీ ప్రశ్న కిందే ఇంకొకరు వాళ్ళ అమ్మగారి థైరాయిడ్ ఆపరేషన్ గురించి, గొంతు పోతుందంటున్నారు నిజమేనా అని అడిగారు. రెండు ప్రశ్నల మూలం ఒకటే, మనిషికీ మనిషికీ లోపలి నిర్మాణంలో ఉండే తేడాలు, కాబట్టి కలిపే రాస్తున్నాను. నేను ఈఎన్‌టీ సర్జన్‌ని, చాలా ఏళ్ళుగా ఈ ఆపరేషన్లే చేస్తున్నాను, పీజీ పిల్లలకి నేర్పిస్తున్నాను.

ముందు సూటిగా చెప్తాను. మీరు రాసిన ఐదింటిలో ఏ ఒక్కటీ జబ్బు కాదు. నాన్నగారి జబ్బు పాలిప్స్, సైనస్‌లో వాపు. మిగతావి ఆయన పుర్రె, ముక్కు పెరిగిన తీరు. ఆయనకి ఇరవై ఏళ్ళున్నప్పుడు స్కాన్ తీసినా దాదాపు అవే కనిపించేవి. వాటితోనే ఇన్నాళ్ళూ బతికారు, వాటివల్ల ఏ ఇబ్బందీ పడలేదు. అయితే వాటిని పట్టించుకోనక్కర్లేదా అంటే అదీ కాదు. ఆ లోపలికి ఒక పరికరం వెళ్ళే రోజున అవి చాలా ముఖ్యం. అందుకని "వీటిని తీసేయించాలా" అని కాకుండా "చేసే డాక్టరు వీటిని ముందే చూసుకున్నారా" అని అడగండి.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

దూలం వంకర గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ముక్కు దూలం గీత గీసినట్టు తిన్నగా ఉన్నవాళ్ళు తక్కువ. ఒకవైపు గాలి ఆడకపోయినా, ఎండోస్కోపు వెళ్ళే దారికి అడ్డంగా ఉన్నా సరిచేస్తాం, లేకపోతే ముట్టుకోం. కాంకా బులోసా అంటే ముక్కు లోపల పక్కగోడ నుంచి వేలాడే మధ్య టర్బినేట్ అనే ఎముకలో గాలి గది ఏర్పడటం. ఇదీ చాలా మామూలే. అది బాగా ఉబ్బి సైనస్ ద్వారాన్ని నొక్కుతుంటే అందులో సగం తీస్తాం, చిన్నదైతే వదిలేస్తాం. హాలర్ సెల్ కంటి గుంత కింద, చెంప సైనస్ పైకప్పుకి అతుక్కుని ఉండే చిన్న గాలి గది. ఇవి ఉన్నంత మాత్రాన సైనస్ జబ్బు వస్తుందని గట్టిగా చెప్పడానికి లేదు, ఎందుకంటే ఏ సమస్యా లేకుండా వేరే కారణానికి స్కాన్ తీయించుకున్నవాళ్ళలో కూడా ఇవి దండిగా కనిపిస్తాయి. రిపోర్టులో కాంకా బులోసా అని ఉంది కాబట్టి తలనొప్పికి అదే కారణం, ఆపరేషన్ చేసేద్దాం అని ఎవరన్నా అంటే, పాలిప్స్ లేకుండా, చీము లేకుండా ఉత్త తలనొప్పికే అలా అంటే, రెండో అభిప్రాయం తప్పకుండా తీసుకోండి. అలాంటి తలనొప్పుల్లో చాలావరకు మైగ్రేన్ అని తేలుతుంది.

మిగిలిన రెండిటి దగ్గర మాత్రం కాస్త ఆగాలి.

ఒనోడి సెల్. మన ముక్కు వెనక భాగంలో ఎత్మాయిడ్ అనే గాలి గదుల గుంపు ఉంటుంది, దానికి వెనక స్ఫీనాయిడ్ సైనస్ ఉంటుంది. కొందరిలో ఎత్మాయిడ్ చివరి గది స్ఫీనాయిడ్ మీదకి ఎక్కి కూర్చుంటుంది. హంగరీకి చెందిన అడాల్ఫ్ ఒనోడి దీని గురించి వివరంగా రాశాడు కాబట్టి ఆయన పేరే నిలిచింది. చిక్కేమిటంటే కంటి నరం ఆ గది గోడలోంచే వెళ్తుంది, ఒక్కోసారి గదిలోకే ఉబ్బి కనిపిస్తుంది, మధ్యలో ఉండే ఎముక చాలా పల్చగా ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. ఇది తెలియని సర్జన్ వెనక గదులు శుభ్రం చేస్తూ "ఇంకా ఎత్మాయిడ్‌లోనే ఉన్నాను, స్ఫీనాయిడ్ ముందుంది" అనుకుని నేరుగా వెనక్కి, పైకి వెళ్తే చేతిలో పరికరం కంటి నరం మీద ఉంటుంది. తెలిసిన సర్జన్ స్ఫీనాయిడ్ కోసం కిందికి, లోపలి వైపుకి వెళ్తాడు. ఆ ఒక్క విషయం ముందే తెలిసి ఉండటమే కంటికి రక్ష. ఆపరేషన్‌లోనే కాదు, జబ్బు వచ్చినప్పుడు కూడా ఈ గది లెక్కలోకి వస్తుంది. 2021లో బ్లాక్ ఫంగస్ కేసులకి హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి నోడల్ కేంద్రంగా ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటి ఫంగస్ వెనక గదులదాకా పాకితే కంటి నరానికి మధ్య అడ్డు అంత పల్చటి ఎముకే.

ఇక కెరోస్. మీకు ఎక్కువ భయం వేసింది దీనికే, "మెదడు" అన్న మాట ఉంది కాబట్టి. ముక్కు పైకప్పుకి పైన మెదడు ముందు భాగం ఉంటుంది. వాసన నరాలు దిగే చోట ఆ పైకప్పు ఒక చిన్న గుంటలా కిందికి జారి ఉంటుంది. క్రొయేషియాకి చెందిన ప్రెద్రాగ్ కెరోస్ 1962లో ఆ గుంట లోతుని బట్టి మూడు రకాలుగా విడదీశాడు: 1 నుంచి 3 మి.మీ. అయితే మొదటి రకం, 4 నుంచి 7 అయితే రెండోది, 8 నుంచి 16 దాకా అయితే మూడోది. గుంట ఎంత లోతైతే దాని పక్కగోడ అంత పొడుగు అన్నమాట. ఆ పక్కగోడే మొత్తం పుర్రె అడుగుభాగంలో అతి పల్చటి ఎముక, ఉల్లిపొరే అనుకోండి, చాలాచోట్ల మి.మీ.లో ఐదో వంతు కూడా ఉండదు. దానికి పరికరం తగిలితే చిల్లు పడి మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారుతుంది. అది జరిగితే గుర్తుపట్టి అక్కడికక్కడే మూసేయొచ్చు, మూసేస్తాం కూడా, కానీ జరగకుండా చూసుకోవడమే పని. టైప్ 3 ఉన్నవాళ్ళకి ఆపరేషన్ చేయకూడదని ఎక్కడా లేదు. మధ్య టర్బినేట్‌కి లోపలి వైపు పైకి వెళ్ళకుండా, పాలిప్‌ని పట్టి లాగకుండా, కోస్తూ చేస్తాం. ఇంకో సంగతి, రిపోర్టులో "టైప్ 3" అని ఒక్క మాటే రాస్తారు, నాకు దానికంటే కుడి ఎడమల మధ్య తేడా ఎంత ఉందన్నది ముఖ్యం. ఒకవైపు పైకప్పు ఎత్తులో, రెండోవైపు కిందికి ఉంటే, మొదటి వైపు అలవాటైన చెయ్యి రెండో వైపు కూడా అంతే ఎత్తుకి వెళ్తుంది. ప్రమాదం అక్కడ.

రిపోర్టులో రాయనివి కూడా కొన్ని ఉంటాయి. స్ఫీనాయిడ్ సైనస్‌ని రెండుగా చీల్చే అడ్డుగోడ చాలామందిలో నడిమధ్యన ఉండదు, ఒక పక్కకి వంగి పోయి కెరోటిడ్ రక్తనాళాన్ని కప్పి ఉంచే ఎముకకి అతుక్కుంటుంది. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం అది. ఆ గోడని పట్టుకుని మెలితిప్పి విరిచారో, దాంతోపాటు నాళం మీద ఎముక కూడా ఊడొస్తుంది. అందుకే దాన్ని తిప్పం, కొరుకుతూ కోస్తాం, లేదా డ్రిల్ చేస్తాం. అలాగే కంటి గుంత నుంచి ముక్కు పైకప్పు అడ్డంగా దాటే చిన్న ధమని కొందరిలో ఎముకలో దాక్కోకుండా పైకప్పుకి కాస్త కింద గాలిలో వేలాడుతూ ఉంటుంది. అది తెగితే తెగిన కొస కంటి గుంతలోకి ముడుచుకుపోయి అక్కడ రక్తం నిండుతుంది, నిమిషాల్లో కన్ను బిగుసుకుంటుంది. ఇవన్నీ సీటీలో కనిపిస్తాయి, చూసే ఓపిక ఉంటే. నేను పీజీలకి చెప్పేది ఒకటే: రిపోర్టు కాగితం పక్కన పెట్టండి, ముందు నుంచి వెనక్కి ఒక్కో ఫిల్మూ మీరే చూడండి, రెండు వైపులా పోల్చండి, ఆ తర్వాతే పేషెంటుని టేబుల్ మీదకి తీసుకెళ్ళండి.

ఇప్పుడు థైరాయిడ్ గురించి అడిగినవారికి.

అమ్మా, గొంతు "పోవడం" అనే భయం ఊరికే పుట్టింది కాదు, కానీ అది జరిగేది తక్కువ, పైగా ఎందుకు జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. స్వరపేటికని కదిలించే నరం విచిత్రమైన దారిలో వస్తుంది. మెదడు నుంచి దిగి, గొంతు దాటి ఛాతీ వైపు వెళ్ళి, ఎడమవైపున గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కిందుగా, కుడివైపున చేతికి వెళ్ళే రక్తనాళం కిందుగా చుట్టు తిరిగి, మళ్ళీ పైకి, థైరాయిడ్ వెనకగా స్వరపేటికలోకి వెళ్తుంది. గర్భంలో మెడ పొడుగు సాగుతున్నప్పుడు ఆ రక్తనాళాలు ఛాతీలోకి దిగుతూ నరాన్ని తమతో లాక్కెళ్తాయి, అందుకే ఆ చుట్టు. కొందరిలో కుడి చేతి రక్తనాళం మామూలు చోట పుట్టదు, ఎడమ పక్కన పుట్టి అన్నవాహిక వెనకనుంచి కుడి చేతికి వెళ్తుంది. అప్పుడు కుడి నరాన్ని కిందికి లాగేది ఏదీ ఉండదు కాబట్టి అది చుట్టు తిరగకుండా మెడలోనే అడ్డంగా స్వరపేటికలోకి వెళ్ళిపోతుంది. వందమందిలో ఒకరికి కూడా ఉండదు ఇది, కానీ థైరాయిడ్ ఆపరేషన్లు ఎన్ని జరుగుతున్నాయో చూస్తే అది చిన్న సంఖ్య కాదు. ఎడమవైపు ఇలా ఉండటం మరీ అరుదు.

ఆపరేషన్‌లో ఇది ఎలా కనిపిస్తుందో చెప్తాను. థైరాయిడ్ కుడి భాగాన్ని మధ్యకి తిప్పి, శ్వాసనాళం, అన్నవాహిక మధ్య గాడిలో నరం కోసం వెతుకుతాం. తెల్లగా, మీద సన్నటి ఎర్రటి రక్తనాళపు గీతతో కనిపించాలి. కనిపించదు. కింద వెతికినా ఉండదు. ఆ సమయంలో పక్కనుంచి అడ్డంగా వచ్చే తెల్లటి దారం లాంటిదాన్ని "ఇదేదో చిన్న రక్తనాళం" అనుకుని ముడేసి కోస్తే, అదే నరం. అందుకే నియమం: నరం కనిపించేదాకా స్వరపేటికకీ కెరోటిడ్‌కీ మధ్య అడ్డంగా ఉన్న దేన్నీ కోయకూడదు. ఇప్పుడు నరాన్ని కరెంటుతో పరీక్షించే నెర్వ్ మానిటర్లు చాలా ఆసుపత్రుల్లో ఉన్నాయి, బాగా పనికొస్తాయి, కానీ అవి నరాన్ని వెతికిపెట్టవు, వెతికిన దాన్ని ఖాయం చేస్తాయి. ఇంకో తేడా ఏంటంటే ఈ నరం స్వరపేటికలోకి దూరకముందే రెండుగా చీలడం, ఇది చాలామందిలో ఉంటుంది. కదిలించే పోగులు ఎక్కువగా ముందు కొమ్మలో ఉంటాయి. వెనక కొమ్మని చూసి "నరం దొరికింది" అని ధీమాగా ముందుదాన్ని కోసేస్తే నష్టం అంతే. అమ్మగారు టీచరో, పాటలు పాడేవారో అయితే ఆ మాట సర్జన్‌కి ముందే చెప్పండి, ఎందుకంటే పై స్థాయి స్వరానికి వేరే చిన్న నరం ఉంది, థైరాయిడ్ పైకొస దగ్గర రక్తనాళాలకి మరీ దగ్గరగా ఉంటుంది కొందరిలో.

ఆ దారి తప్పిన చేతి రక్తనాళం గురించి ఒక మాట. ఇంగ్లండులో డేవిడ్ బేఫోర్డ్ అనే డాక్టరు 1794లోనే దీన్ని ప్రచురించాడు, ఒకామెకి ఏళ్ళ తరబడి ముద్ద దిగకపోవడానికి కారణం ఇదేనని. చాలామందికి జీవితాంతం ఏ లక్షణమూ ఉండదు. కానీ స్కాన్‌లో అది ఉన్నట్టు తెలిస్తే ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. థైరాయిడ్‌కే కాదు, రేపు గుండెకి కుడి మణికట్టు నుంచి యాంజియో చేయాల్సొస్తే వైరు తిప్పడం కష్టమవుతుంది, కార్డియాలజిస్టుకి ముందే తెలిస్తే వేరే దారి ఎంచుకుంటారు.

థైరాయిడ్ అసలు తన చోట ఉండకపోవడం ఇంకో రకం. గర్భంలో అది నాలుక మూలంలో పుట్టి మెడలోకి దిగుతుంది. దిగకుండా నాలుక వెనకే ఉండిపోతే ఎర్రటి గడ్డలా కనిపిస్తుంది. ఆ మనిషికి ఉన్న థైరాయిడ్ మొత్తం అదే కావచ్చు. గడ్డ అనుకుని తీసేస్తే జీవితాంతం మాత్రలే. కాబట్టి పిల్లలకి నాలుక వెనకగానీ, మెడ నడిమధ్యన గానీ గడ్డ తీయాలంటే ముందు అల్ట్రాసౌండ్‌లో థైరాయిడ్ దాని చోట ఉందో లేదో చూడాలి. చిన్న ఖర్చు, దాన్ని వదలొద్దు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి, అడినాయిడ్ (ముక్కు వెనక, గొంతు పైభాగంలో ఉండే కండ) ఆపరేషన్‌కి వెళ్ళే తల్లిదండ్రులందరికీ ఇది చెప్పాలని ఉంది. పిల్లాడిని "ఆ" అనమని టార్చి వేసి కొండనాలుక చూడండి. కొస రెండుగా చీలి ఉంటే డాక్టరుకి చెప్పండి. చాలామందిలో దానికి అర్థమేమీ ఉండదు. కానీ కొందరిలో అంగిలి లోపలి కండరం మధ్యలో కలవదు, పైన పొర మాత్రం కలిసిపోయి మామూలుగా కనిపిస్తుంది. వేలితో తడిమితే గట్టి అంగిలి వెనక అంచున చిన్న నొక్కు తెలుస్తుంది. ఆ పిల్లల్లో ముక్కు వెనక దారిని మూసే పనిలో సగం అడినాయిడే చేస్తుంటుంది. దాన్ని పూర్తిగా తీసేస్తే ఆ తర్వాత మాట ముక్కుతో వస్తుంది, తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. అలాంటి పిల్లల్లో తీయకుండా చూస్తాం, తప్పనిసరైతే పైభాగం మాత్రమే తీస్తాం. 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపించిన పిల్లల్లో ఈ అంగిలి తేడాతో పాటు కెరోటిడ్ రక్తనాళం కూడా గొంతు వెనకగోడ మధ్యకి జరిగి ఉండొచ్చు. పెద్దవయసువాళ్ళలో రక్తనాళం మెలికలు తిరిగి కూడా అలా వస్తుంది. గొంతు వెనకగోడ మీద కొట్టుకోవడం కనిపిస్తే అక్కడ సూది, కత్తి ఏదీ పెట్టకుండా ముందు స్కాన్ చేయాలి.

చెవిలో కూడా ఇలాంటివే. కర్ణభేరి వెనక నీలంగా కనిపించేది నీరు కాకపోవచ్చు, తల నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద జుగులార్ సిర పైకి ఎక్కి వచ్చి ఉండొచ్చు, దాన్ని గుచ్చితే ధారగా రక్తం. ముఖం కదిలించే నరం మీద మధ్య చెవిలో ఎముక కప్పు ఉండాలి, పుర్రె ఎముకలని మైక్రోస్కోపు కింద చూస్తే సగానికి పైగా వాటిలో ఆ కప్పులో ఎక్కడో ఒకచోట ఖాళీ కనిపిస్తుంది. అందుకే అక్కడ నరం బయటే ఉందనుకునే చెయ్యి పెడతాం.

చివరగా, ఫోన్ లైటు వేసుకుని అద్దంలో నోరు చూసుకుని నిద్ర పట్టక మెసేజిలు పెట్టేవాళ్ళ కోసం. నాలుక వెనక ఒక వరసలో గుండ్రంగా ఎనిమిది నుంచి పన్నెండు బుడిపెలు ఉంటే అవి అందరికీ ఉండేవే, రుచి మొగ్గలు ఉండే చోటు. నాలుక పక్కల వెనకగా నిలువు మడతలు, వాటి దగ్గర గులాబీ రంగు బుడిపె, అదీ మామూలే. అంగిలి మధ్యలో రాయిలా గట్టిగా ఉండే బుడిపె చాలాసార్లు ఎముకే, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, కట్టుడు పళ్ళు కూర్చోకపోతే తప్ప తీయక్కర్లేదు. చెవి కింద దవడ మూల వెనక గట్టిగా తగిలేది మెడ మొదటి పూస కొమ్ము, బిళ్ళ కాదు. గొంతుకి ఒక పక్కన గట్టిగా తగిలేది హయాయిడ్ ఎముక కొస. ఇవి రెండు వైపులా ఉంటాయి, రోజురోజుకీ పెరగవు. పుండు పడి మూడు వారాల్లో మానకపోయినా, ఒకవైపే పెరుగుతున్నా, రక్తం వస్తున్నా, ముఖ్యంగా గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్నా ఈ పేరా నమ్ముకుని కూర్చోకుండా వెంటనే వెళ్ళి చూపించుకోండి.

డెంటల్ ఎక్స్‌రేలో "స్టైలాయిడ్ (చెవి కింద పుర్రె నుంచి సూదిలా దిగే ఎముక) పొడుగ్గా ఉంది" అని రాయించుకొచ్చేవాళ్ళూ చాలామందే. అమెరికాలో వాట్ ఈగిల్ 1937లో దీనివల్ల వచ్చే గొంతు నొప్పిని వివరించాడు, 3 సెం.మీ. దాటితే పొడుగు అంటారు. పొడుగున్నవాళ్ళలో నొప్పి వచ్చేది చాలా కొద్దిమందికే. టాన్సిల్ గుంటలో వేలితో నొక్కితే మీకు రోజూ వచ్చే ఆ నొప్పే రావాలి, అక్కడ మత్తుమందు పెడితే తగ్గాలి. ఆ రెండూ లేకుండా ఎక్స్‌రేలో కొలత చూసి ఆపరేషన్‌కి ఒప్పుకోవద్దు, ఇది నా గట్టి అభిప్రాయం.

మీ నాన్నగారి విషయానికి వస్తే, పాలిప్స్ మందులకి లొంగలేదు కాబట్టి ఆపరేషన్ సరైన సలహాలాగే ఉంది. డాక్టరు దగ్గరికి రిపోర్టు ఒక్కటే కాకుండా ఫిల్ములు, సీడీ కూడా తీసుకెళ్ళండి. ఒనోడి ఏ వైపు ఉంది, రెండు వైపులా పైకప్పు ఎత్తు ఒకటేనా, ఆపరేషన్ రోజు సీటీ థియేటర్‌లో తెర మీద పెట్టుకుంటారా అని అడగండి. ఈ మూడు అడిగితే ఏ మంచి సర్జనూ నొచ్చుకోడు, సీటీ తెరిచి చూపిస్తూ చెప్తాడు. ఇంతకు ముందు ముక్కు ఆపరేషన్ ఏదైనా అయి ఉంటే అది తప్పకుండా చెప్పండి, పాత గుర్తులు చెరిగిపోయి ఉంటాయి కాబట్టి లెక్క మారుతుంది. బీపీకి గానీ, గుండెకి గానీ, రక్తం పల్చబడటానికి గానీ మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా వెంట ఉంచుకోండి, వాటిని మీ అంతట మీరు ఆపేయకండి.